ఊరి చెఱువు గట్టునుండి చరిత్ర పరిశోధనకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చి పలువురు పెద్దలు ప్రసంగింతురు. ఈ ప్రసంగము మాత్రము పుస్తకములు చదివిన తరువాతి మాటను గూర్చినది. సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చి వార్తాపత్రికలలో ఉద్యోగ ప్రకటనలు వెదకు యువకులలో, యువతులలో ఒకరిద్దరు వేఱొక ప్రశ్న అడుగుచుందురు: “ఎం.ఏ. చరిత్రలో ఉత్తీర్ణులైనవారు పరిశోధనకు దరఖాస్తు పెట్టుట ఎట్లు? అందులో ఏమి వ్రాయవలెను? ఎవరిని అడుగవలెను?” ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు పట్టణములలో ఇంటికొకరుందురు, పల్లెలలో ఫర్లాంగుల దూరము నడచినను దొరకరు. దారి తెలియక ఆగిపోయిన బుద్ధిమంతులు ఈ సీమలో తక్కువ కాదు. కనుక ఆ దారిని సాధ్యమైనంత విశదముగ చెప్పుట ఈ ప్రసంగోద్దేశము. సేద్యము చేయు పెద్దలు ఇది తమకు సంబంధింపని మాట అని తలపరాదు. ఆ విద్యార్థి పరిశోధింపబోవునది వారి చెఱువు, వారి చేను, వారి తాతలు చూచిన కఱవు.

మొదట, ఈ పట్టము ఏమిటో తెలిసికొనవలెను. పిహెచ్.డి. అనునది పేరునకు ముందు తగిలించుకొను బిరుదు కాదు. ఒకరు కనుగొన్నదానిని నేర్చి చక్కగా చెప్పుట ఎం.ఏ.; ఎవరును చెప్పనిదానిని ఆధారములతో కనుగొని, ఆ కనుగొన్న మార్గమును ఇతరులు పరీక్షించుటకు వీలుగ చూపుట పిహెచ్.డి. 1810లో స్థాపింపబడిన బెర్లిన్ విశ్వవిద్యాలయములో రాంకె అను చరిత్రాచార్యుడు విద్యార్థులను చుట్టును కూర్చుండబెట్టుకొని, మూలపత్రములను ముందుంచి, ఒక్కొక్క వాక్యమునకు “ఇది వ్రాసినవాడెవడు, ఎప్పుడు వ్రాసెను, ఎందులకు వ్రాసెను” అని ప్రశ్నించుట నేర్పెను. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము 1861లో మొట్టమొదట ఈ పట్టము నిచ్చెను. ఆక్స్‌ఫర్డ్ 1917లో గాని దీనిని ప్రవేశపెట్టలేదు. అనగా ఇది పాశ్చాత్య దేశములలో సైతము మిక్కిలి పురాతనమైన వస్తువు కాదు.

ఈ జిల్లాలో ఉన్నత విద్యకు 1916లో అనంతపురమున స్థాపింపబడిన దత్తమండల కళాశాల మొదటి మెట్టు. ఆపై చదువునకు మద్రాసు పోవలసియుండెను. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడినది. 1968లో దాని స్నాతకోత్తర కేంద్రము అనంతపురమునకు వచ్చెను. 1981లో అదియే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. పిమ్మట 2006లో కడపయందు యోగి వేమన విశ్వవిద్యాలయము, 2008లో కర్నూలుయందు రాయలసీమ విశ్వవిద్యాలయము, 2018లో అనంతపురమున కేంద్రీయ విశ్వవిద్యాలయము నెలకొన్నవి. తాతకు మద్రాసు రైలు, తండ్రికి తిరుపతి బస్సు కావలసివచ్చిన చదువు మనుమరాలికి జిల్లా కేంద్రముననే లభించుచున్నది. దూరము తగ్గినది, దారి తెలియుట మాత్రము మిగిలినది.

చరిత్ర వ్రాయుటకు పట్టమే ఆధారమా యని కొందఱు అడుగవచ్చును. కాదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు విశ్వవిద్యాలయ పట్టములు లేకయే శాసనములు చదువ నేర్చి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన సర్వస్వ కార్యమున పాల్గొని, రెడ్డి రాజ్యముల చరిత్రను రచించిరి. దానిని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది. పట్టము లేని పండితుని గ్రంథము పట్టములిచ్చు సంస్థ అచ్చువేయుట ఆ సంస్థకును గౌరవమే. మఱియొక ప్రక్క నేలటూరి వేంకటరమణయ్యగారు మద్రాసు విశ్వవిద్యాలయములో పరిశోధించి, విజయనగరపు తుళువ వంశమును గూర్చిన గ్రంథమును 1935లో వెలువరించిరి. ఆయనయు నీలకంఠశాస్త్రిగారును కూడి 1946లో విజయనగర చరిత్రకు చెందిన మూలాధారములను మూడు సంపుటములుగ ప్రకటించిరి. అనంతపురము కళాశాలలోనే అధ్యాపకులుగ నుండిన చిలుకూరి నారాయణరావుగారు 1937లో ఆంధ్రభాషా చరిత్రమును వెలువరించిరి. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతమునకు రాయలసీమ యను పేరు సూచించినది ఆయనయే అని ప్రసిద్ధి. ఈ పెద్దలందఱియందును సామాన్యమైనది ఒక్కటే: మూలమును తామే చూచుట. పట్టమున్నను లేకున్నను అది లేనిదే చరిత్ర లేదు. అయితే నేటి విద్యార్థికి పట్టము వలన నాలుగు మేళ్లు కలవు: ఒక గురువు, ఒక గ్రంథభాండారము, పత్రాగారములలో ప్రవేశము, కొంతకాలము గ్రాసము. సోమశేఖరశర్మగారి వంటి దీక్ష అందఱికిని సాధ్యము కాదు గనుక ఈ నాలుగును అవసరములే.

ఇక ఈ సీమలో పరిశోధించుటకు ఏమున్నదని అనువారు కలరు. ఉన్నదానిని ఒకమాఱు లెక్కించి చూడవలెను. 1853లో సి.పి. బ్రౌనుగారు మద్రాసులో ఒక పుస్తకము ప్రకటించిరి. అది అనంతపుర చరిత్ర. సుమారు 1750 మొదలు 1810 వఱకు గల కాలమున తెలుగున వ్రాయబడినది. ఆంగ్లమున దానికి ‘రాజుల యుద్ధములు’ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. హండె వంశపు పాలెగాండ్ర కాలమును అది వర్ణించును. ఒక జిల్లా కేంద్రమునకు, అప్పటికి చిన్న కసబాకు, స్వభాషలో వ్రాయబడిన చరిత్ర ఉండుట సామాన్యమైన సంగతి కాదు. దానికి ముందే కల్నల్ కాలిన్ మెకంజీ, కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల సాయముతో గ్రామగ్రామమున కైఫీయతులు సేకరించెను. ఆ కైఫీయతులలో అధిక భాగము ఊరి కరణముల నోటినుండియు, కవిలెలనుండియు వచ్చినవే. అవి నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున కలవు. 2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం అను మువ్వురు పండితులు ఒక గ్రంథము ప్రకటించి, దక్షిణదేశమున ఆంగ్లేయుల రాకకు ముందే చరిత్రజ్ఞానము కలదనియు, దానిని పోషించినవారిలో కరణములు ముఖ్యులనియు వాదించిరి. హిందువులకు చరిత్ర లేదను పాతమాటకు ఈ ఊళ్ల లెక్కల కట్టలు బదులు చెప్పినవన్నమాట.

బుక్కరాయసముద్రము చెఱువు కథ ఎఱుగనివారు ఈ జిల్లాలో నుండరు. గట్టు తెగుచుండగా ఊరిని కాపాడుటకు ముసలమ్మ అను ఇల్లాలు ప్రాణమర్పించినదని పెద్దలు చెప్పుదురు. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశయందే దానిని కావ్యముగ రచించిరి; ఆయనయే తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైరి. ఇప్పుడు చరిత్ర విద్యార్థి ఈ కథను ఎట్లు చూడవలెను? “ఇది నిజమా, అబద్ధమా” అని అడిగినచో రెండు వాక్యములలో పరిశోధన ముగియును. ఊరివారి మనసును నొచ్చును. “చెఱువు గట్టు తెగుట ఎంత భయంకరమైనచో ఇట్టి కథ పుట్టును? గట్టు కాపాడు బాధ్యత ఎవరిది? ఎవరి కోడలు బలియైనదని కథ చెప్పుచున్నది, ఎవరి కోడలిని గూర్చి మౌనముగ నున్నది? ఈ కథ ఏ శతాబ్దమున ఏ కాగితములో మొదట కనబడుచున్నది?” అని అడిగినచో మూడేండ్ల పని దొరకును. ప్రశ్న మార్చుటయే పరిశోధనకు నాంది. దరఖాస్తులో జయాపజయములు కూడ ఇచ్చటనే నిర్ణయమగును.

ఒక విద్యార్థిని ఉదాహరణముగ ఊహింపవచ్చును. ఆమె మొదటి చిత్తుప్రతిలో “విజయనగర సామ్రాజ్య వైభవము” అని విషయము వ్రాసినది. చూచుటకు అందముగ నున్నది. కాని దానిపై నూఱేండ్లకు పైగా పండితులు వ్రాసియున్నారు. రాబర్ట్ సూయెల్ 1900లోనే గ్రంథము ప్రకటించెను. ఆమె క్రొత్తగా చేర్చునదేమి? రెండవ చిత్తులో “అనంతపురము జిల్లా చెఱువుల చరిత్ర” అని వ్రాసినది. ఇది మేలు, అయినను వందలకొలది చెఱువులు, ఆఱువందల యేండ్లు, ఒక మనిషి. మూడవ చిత్తులో “పెనుకొండ తాలూకాలో చెఱువుల మరమ్మతు బాధ్యత: 1800 మొదలు 1882 వఱకు” అని వ్రాసినది. ఇప్పుడు దానికి ఆద్యంతములు ఏర్పడినవి. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీకి దత్తము చేసెను; థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు రైతువారీ ఏర్పాట్లు చేసెను. 1882లో బళ్లారినుండి విడివడి అనంతపురము జిల్లా ఏర్పడినది. నడుమ 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కరవు వచ్చినది. చెఱువు తవ్వించిన దాత వంశము పోయి, పాలెగాడు పోయి, సర్కారు వచ్చినప్పుడు పూడిక తీయు బాధ్యత ఎవరి పైబడెను? ఈ ప్రశ్నకు పత్రములలో జవాబు వెదకవచ్చును. పైగా అది నేటి రైతు కూడ అడుగు ప్రశ్న.

విద్యార్థి తన ప్రశ్నను పాత ఆధారముతో పోల్చి చూపగలిగినచో పరీక్షకులకు నమ్మకము కుదురును. కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీస్తు శకము 1369 నాటిది. భాస్కర భవదూరుడను విజయనగర రాజపుత్రుడు చెఱువు కట్టించుటను అది చెప్పును. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, కూడని ఆఱు దోషములను కూడ అది వివరించును. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు లెక్క చెప్పును. ఆఱువందల యేండ్లకు పూర్వపు రాయి కూలీల లెక్క చెప్పగా, నూటయేబదియేండ్ల క్రిందటి కాగితము చెప్పకుండునా? ఇట్టి పోలికయే పరిశోధనకు ప్రాణము.

ఇక దరఖాస్తుతో జతపఱుపవలసిన పరిశోధన ప్రతిపాదనలో ఆఱు అంశములుండవలెను. మొదటిది ప్రశ్న, అది ఒక వాక్యములో చెప్పగలుగునట్లుండవలెను. రెండవది ఇంతకుముందు ఆ విషయముపై ఎవరేమి వ్రాసిరో, ఎచ్చట ఆగిరో చెప్పుట. మూడవది కాలము, స్థలము. నాలుగవది ఆధారములు: ఏ పత్రాగారములో, ఏ శాఖ కాగితములు, ఏ భాషలో ఉన్నవో చూపవలెను. మద్రాసు రాజధాని కాలపు రెవిన్యూ పత్రములు చెన్నపట్టణము ఎగ్మూరులోని రాష్ట్ర పత్రాగారమున కలవు. శాసనముల నకళ్లు మైసూరులోని శాసన శాఖయందును, దక్షిణ భారత శాసన సంపుటములయందును కలవు. 1905లో ఫ్రాన్సిస్ దొర సంకలనము చేసిన అనంతపురము గెజిటీరు మొదటి వాకిలి వంటిది. ఐదవది పద్ధతి: కాగితమును, రాతిని, నోటిమాటను ఒకదానితో నొకటి ఎట్లు సరిచూతురో చెప్పవలెను. ఆఱవది కాలక్రమము: ఏ సంవత్సరము ఏ పని. ఈ ఆఱింటిలో నాలుగవది లేని ప్రతిపాదన నీరులేని బావి వంటిది. ఎంత లోతు త్రవ్వినను దప్పి తీరదు.

పల్లె విద్యార్థికి ఇచ్చట ఒక సొంత బలము కలదు. ఫసలీ అనగానేమో పట్టణపు విద్యార్థి పుస్తకము చూచి నేర్చుకొనవలెను. ఇచ్చటి బిడ్డ తాతను అడిగినను తెలియును. ఫసలీకి 590 కలిపిన క్రీస్తు సంవత్సరము వచ్చును. అది జూలైలో ఆరంభమగును. కనుక ఫసలీ 1286 అని కట్టపై వ్రాసియున్నచో అది 1876–77, ఆ ఘోరమైన కరవు ఆరంభపు సంవత్సరమని వెంటనే తెలియును. మెట్ట, మాగాణి, ఇనాము, శిస్తు, వజా, నీరుగంటి మాన్యము — ఈ మాటలు ఆమెకు ఇంటిమాటలు. ఇంటిభాషయే విద్యార్హతగా మాఱు చోటు చరిత్రశాఖ ఒక్కటే కావచ్చును. ఐతే ఈ బలమును ప్రతిపాదనలో వ్రాసి చూపవలెను. వ్రాయనిది పరీక్షకునికి తెలియదు.

నిబంధనల విషయము. 2022 నవంబరు 7వ తేదీన యు.జి.సి. ప్రకటించిన నియమముల ననుసరించి, రెండేండ్ల ఎం.ఏ.లో నూటికి 55 మార్కులుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, సంపన్నశ్రేణికి చెందని వెనుకబడిన తరగతులు, దివ్యాంగులు మొదలగువారికి 5 మార్కుల సడలింపు కలదు. నాలుగేండ్ల బి.ఏ. చదివినవారు 75 మార్కులతో నేరుగా రావచ్చును. ఎం.ఫిల్. పట్టము ఆ నియమములతో నిలిచిపోయినది. దానికై ఇక వేచియుండ పనిలేదు. చదువుకాలము కనీసము మూడేండ్లు, గరిష్ఠము ఆఱేండ్లు. తిరిగి నమోదు చేసికొన్నచో మఱి రెండేండ్లు. స్త్రీలకు దానిపై ఇంకను రెండేండ్లు అధికముగ నిత్తురు. ప్రసూతికి, శిశుపోషణకు 240 దినముల వఱకు సెలవు కలదు. పెండ్లియైనదని ఆడబిడ్డ చదువు నాపు తల్లిదండ్రులు ఈ అంకెలు మనసున నుంచుకొనవలెను. ఉద్యోగములో నున్న ఉపాధ్యాయులు తమ పై యధికారి నిరాక్షేపణ పత్రముతో పాక్షిక కాలముగ చేరవచ్చును.

ప్రవేశమునకు రెండు ద్వారములు. ఒకటి జాతీయ అర్హత పరీక్ష, అనగా నెట్. ఇది సాధారణముగ సంవత్సరమునకు రెండుమాఱులు జరుగును. మొదటి పత్రములో 50 ప్రశ్నలు, రెండవ పత్రములో చరిత్రపై 100 ప్రశ్నలు. తప్పునకు మార్కు తగ్గింపరు. 2024 మొదలు ఈ పరీక్షా ఫలితము పిహెచ్.డి. ప్రవేశమునకును పనికివచ్చును: ఫెలోషిప్పు రానివారి విషయమున పరీక్షకు నూటికి 70, మౌఖికమునకు 30 చొప్పున లెక్కింతురు, ఆ ఫలితము ఒక సంవత్సరమే చెల్లును. రెండవ ద్వారము రాష్ట్ర విశ్వవిద్యాలయములకై ఉన్నత విద్యామండలి పక్షమున జరుగు ఆర్‌సెట్ పరీక్ష. యు.జి.సి. నియమము ప్రకారము ఇట్టి ప్రవేశపరీక్షలలో సగము పరిశోధన పద్ధతులపై, సగము విషయముపై నుండవలెను. ప్రకటన వెలువడినప్పుడు తేదీలు, రుసుము, ఖాళీలు అందులోనే చూచుకొనవలెను. నోటిమాట నమ్మి గడువు దాటించుకొనరాదు.

ఇచ్చట ఒక కష్టమును దాచక చెప్పవలెను. నెట్ చరిత్ర ప్రశ్నపత్రము ఆంగ్లమునను హిందీయందును మాత్రమే యుండును. తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థికి విషయము తెలిసియు ప్రశ్న తెలియకపోవచ్చును. ఇది అతని బుద్ధిలోపము కాదు. అయినను దానిని దాటవలసిన భారము అతనిపైననే పడినది. ఉపాయ మొకటే: పరీక్షకు రెండేండ్లు ముందునుండి దినమునకు నాలుగు పుటలు ఆంగ్ల చరిత్ర గ్రంథము చదివి, వాని సారమును తెలుగున వ్రాసి, తిరిగి ఆంగ్లమున వ్రాయుట. రెండెద్దులు కలసి నడచినగాని గుంటక సాగదు.

మార్గదర్శకుని విషయము చాలమంది మఱచిపోవుదురు. ఒక ఆచార్యుడు ఒక్కసారిగ ఎనమండ్రకు, సహాచార్యుడు ఆఱుగురకు, సహాయాచార్యుడు నలుగురకు మించి మార్గదర్శనము చేయరాదు; పదవీ విరమణకు మూడేండ్ల లోపు కాలమున్నవారు క్రొత్తవారిని తీసికొనరాదు. కనుక మార్కులు మాత్రమే కాక ఖాళీయు ఉండవలెను. దరఖాస్తుకు ముందు ఆ శాఖలోని అధ్యాపకులు ఏ విషయముపై వ్రాసిరో చదివి, తన ప్రశ్న ఎవరి పనికి దగ్గఱనో చూచుకొనవలెను. చెఱువుల చరిత్రను శిల్పశాస్త్రజ్ఞుని వద్ద చదువబోయిన ఇద్దఱికిని శ్రమయే. సిఫార్సు జాబులకై తిరుగు కాలమును ఆ గ్రంథములు చదువుటకు వినియోగించిన లాభము మెండు.

మౌఖిక పరీక్షలో అడుగు ప్రశ్నలు మూడు తీరులు: ఈ విషయమే ఏల? ఆధారములు ఎచ్చట? ఆధారము నీ అభిప్రాయమునకు ఎదురు వచ్చినచో ఏమి చేయుదువు? మూడవ ప్రశ్నకు సమాధానము మనిషి నైజమును తెలుపును. తన కులమును, తన ఊరిని, తన వీరుని పొగడుటకే పరిశోధన చేయువాడు ఆ ప్రశ్న వద్ద తడబడును. చెఱువు మన్రో కాలమున పాడైనదని విద్యార్థి తలచియుండవచ్చును. కాగితములు చూడగా అంతకు ముందే పూడినదని తేలవచ్చును. ఊరి పెద్దలే మరమ్మతు సొమ్ము మ్రింగిరని కూడ తేలవచ్చును. అప్పుడు వ్రాయు ధైర్యము లేనివారు చరిత్ర పట్టమునకు దరఖాస్తు పెట్టరాదు. ఊరివారును అట్టి వ్రాతను సహించు ఓర్పు అలవఱచుకొనవలెను.

గ్రాసము మాట. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 జనవరి మొదలు నెలకు 37,000 రూపాయలుగ నిర్ణయింపబడినది. రెండేండ్ల పిమ్మట యోగ్యతనుబట్టి 42,000. షెడ్యూల్డు కులముల, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు ప్రత్యేక జాతీయ ఫెలోషిప్పులు కలవు. 1972లో ఏర్పడిన భారతీయ చరిత్ర పరిశోధన మండలియు సాయము చేయును. కాని ఇవి అందఱికిని రావు. వచ్చినను నెలనెలకు సక్రమముగ చేతికి వచ్చునను భరోసా లేదు. వేరుసెనగ పంట ఎండిన యేట ఇంటికి డబ్బు పంపవలసిన జ్యేష్ఠపుత్రుడు ఆఱేండ్లు పరిశోధనలో నుండుట ఎంత కష్టమో ఈ సభలోనివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. పట్టము వచ్చిన వెంటనే ఉద్యోగము వచ్చునను మాటయు నిజము కాదు. కనుక దరఖాస్తుకు ముందు ఇంటివారితో కూర్చుండి, ఎన్ని సంవత్సరములు, ఎంత సొమ్ము, ఎవరి భారము అని లెక్క వ్రాసికొనవలెను. లెక్క కుదరకున్నచో ఉపాధ్యాయ వృత్తిలో చేరి పాక్షిక కాలముగ చదువుటలో అవమానము లేదు. దాచిన లెక్కయే మధ్యలో చదువు మానిపించును.

విదేశములలో చదువదలచువారి పద్ధతి వేఱు. అమెరికాలో సాధారణముగ చలికాలమున, డిసెంబరు ప్రాంతమున గడువు ముగియును. మఱుసటి శరత్తున చదువు ఆరంభమగును. ఉద్దేశ పత్రము, వ్రాతనమూనా, ముగ్గురు గురువుల జాబులు, ఆంగ్ల పరీక్ష కావలెను. ఎన్నికైనవారికి పెద్ద విశ్వవిద్యాలయములు రుసుము మాఫీ చేసి గ్రాసమిచ్చును. ప్రతిగా బోధన చేయవలెను. బ్రిటనులో ప్రతిపాదనకే ప్రాధాన్యము. కాలము మూడు నాలుగేండ్లు. ఆంధ్రదేశపు శాసనములపై సింథియా టాల్బట్ అను అమెరికా విదుషి పరిశోధించి 2001లో గ్రంథము ప్రకటించిరి. మన్రోపై బర్టన్ స్టైన్ 1989లో గ్రంథము వ్రాసిరి. పది వేల మైళ్ల దూరమునుండి వచ్చి ఈ సీమ రాళ్లు చదివినవారికి కృతజ్ఞత చెప్పవలసినదే. గట్టుమీద పుట్టినవారు కూడ ఆ రాయి చదివిననాడు ఆ చరిత్రకు రెండవ కన్ను ఏర్పడును.

ఒక హెచ్చరిక. ఇతరుల వ్రాతను తనదిగ చూపుట నేడు దాగదు. 2018 నాటి యు.జి.సి. నియమముల ప్రకారము సిద్ధాంత గ్రంథములో పోలిక నూటికి 10 దాటిన దిద్దవలెను. 60 దాటిన నమోదే రద్దగును. అద్దెకు ప్రతిపాదన వ్రాసియిచ్చు అంగళ్లు పట్టణములలో కలవు. అచ్చట కొన్నది మౌఖికములోనే బయటపడును. దానికి బదులు, గుజరాతులోని గాంధీనగర సంస్థ నడుపు ‘శోధగంగ’ అను భాండారమున దేశములోని విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములు ఉచితముగ చదువవచ్చును. ఒక కంప్యూటరున్న గ్రంథాలయము చాలును. పది గ్రంథముల పీఠికలు చదివినవారికి పదునొకండవది వ్రాయుట తెలియును; తన విషయము ఇదివఱకే ఎవరైన ముగించిరో లేదో కూడ తెలియును.

మొదటి దరఖాస్తు తిరిగివచ్చిన సిగ్గుపడరాదు. ఖాళీ లేక పోవచ్చును, ప్రశ్న పెద్దది కావచ్చును, ఆధారము చూపకపోవచ్చును. ఏది లోపమో తెలిసికొని మఱుసటి యేట తిరిగి పెట్టవలెను. నెట్ పరీక్షకు ఇన్నిమాఱులే యను హద్దు లేదు. ఫెలోషిప్పునకు మాత్రము వయస్సు హద్దు కలదు. మొదటి వాన తప్పినదని విత్తనపు కాయలు అమ్ముకొను రైతు ఈ సీమలో లేడు.

కడపట, గ్రంథాలయము చేయగలిగిన పని. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి పల్లె గ్రంథాలయము పుస్తకములను ఊరికి తెచ్చినది. ఇక ఊరిని పుస్తకములోనికి చేర్చు పని మిగిలియున్నది. దానికి మూడు చిన్న పనులు చాలును. ఒకటి: అటకలమీద చెదలు తినుచున్న పాత పట్టాలు, దస్తావేజులు, తాళపత్రములు, శిస్తు రసీదులు యజమానుల అనుమతితో ఫోటో తీయించి, ఏ యింటివి, ఏ ఫసలీవి అని పట్టిక వ్రాసి ఉంచుట. మూలము యజమానిదే, నకలు గ్రంథాలయమునది. 1984లో కరణముల వ్యవస్థ రద్దయిన పిమ్మట పాత లెక్కల అర్థము తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు గనుక ఈ పనికి ఆలస్యము పనికిరాదు. రెండు: ఎనుబదియేండ్లు దాటిన పెద్దలచేత కఱవు జ్ఞాపకములు, చెఱువు నిండిన యేండ్లు, వలసపోయిన ఊళ్లు చెప్పించి, చెప్పినవారి పేరు, తేదీ వేసి వ్రాసియుంచుట. మూడు: ఒక అలమరలో నెట్ పాఠ్యపుస్తకములు, జిల్లా గెజిటీరు, శాసన సంపుటములు ఉంచి, ప్రకటనల తేదీలు గోడపై అంటించుట.

ఈ జిల్లాలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియును. కొన్ని యేండ్లు అదియు లేదు. తక్కువ నీటిని నిలుపుకొనుటకే పూర్వులు చెఱువులు కట్టిరి. జ్ఞాపకము కూడ నీటివంటిదే; గట్టు లేనిచోట నిలువదు. 1876లో ఈ పల్లెలలో చనిపోయినవారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. వారికి ఇచ్చిన గంజి తూకము మాత్రము సర్కారు కాగితములలో కలదు. ఆ తూకమునుండి ఆ మనుష్యుల వఱకు వెనుకకు నడువగల విద్యార్థి ఈ గ్రంథాలయపు బల్లలయొద్దనే కూర్చుండి యుండవచ్చును. అతని దరఖాస్తు చిత్తుప్రతి చదివి, తప్పులు దిద్ది, పరీక్షరుసుము కట్టుటకు చేయూతనిచ్చుట ఊరి బాధ్యత. అట్టివారిలో ఒక్కరైనను పట్టముతో తిరిగివచ్చి, తమ సిద్ధాంత గ్రంథపు ప్రతిని ఈ అలమరలో నుంచిననాడు ఈ రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.